దాచుకోకుండా మాత్ర వేసుకునే ఇల్లు
(మెట్టుగూడలో సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ బడి పంతుళ్ళం గనుక ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి చెప్పడమే మాకు అలవాటు. ఈసారి హెచ్.ఐ.వి. గురించి చెప్పదలిచాం. ఆ మాట ఇక్కడెందుకని ఎవరూ అనుకోవద్దని మనవి.

మన దేశంలో ఇది మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. అప్పట్లో సోకిందంటే ఇక ఆశ లేదనుకునేవారు. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చింది గాని, ఏడాదికి పదివేల డాలర్లకు పైమాటే. 2001లో సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ గారు అవే మందులను 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చారు. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మనకు దగ్గరున్న గాంధీ ఆస్పత్రిలోనూ ఏ.ఆర్.టి. కేంద్రం ఉంది.

ఆ రోజుల్లో మందు మొదలుపెట్టి, నేడు మనవలను ఎత్తుకుంటున్నవారు ఉన్నారు. అందరిలాగే వాళ్ళకూ షుగరు, బి.పి. వస్తున్నాయి. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. మానకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా ఉన్నంతకాలం భార్య నుంచి భర్తకు గాని, భర్త నుంచి భార్యకు గాని సోకదు. మానితే మాత్రం మళ్ళీ పెరుగుతుంది, మందుకు లొంగకపోవచ్చు కూడా.

మరి కష్టమెక్కడంటారా? మాత్ర మింగే చోట. చుట్టాలొస్తే సీసాను బియ్యం డబ్బాలో దాచాలి. షాదీకి పోతే నలుగురిలో తీయలేక ఆ పూట మానాలి. రోజా ఉండదలచినవారు ముందుగా డాక్టరును అడిగితే, ఇఫ్తార్‌కో సహరీకో వేళ సర్ది చెబుతారు. కాల్షియం, ఐరన్, గ్యాస్ మందులు వాడుతుంటే అదీ చెప్పాలి, వాటివల్ల ఈ మందు ఒంటికి పట్టకపోవచ్చు. డాక్టరును అడగడానికి భయం లేదు. భయమంతా ఇంట్లోవాళ్ళ చూపుతోనే!

ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే, చెయ్యి కలిపితే, దోమ కుడితే ఇది రాదు. మయ్యత్‌కు గుస్ల్ ఇవ్వడానికీ వెనుకాడనక్కరలేదు. చేతులకు గ్లవ్స్ వేసుకోవడం ఎవరి మయ్యత్‌కైనా మంచిదే.

2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఉద్యోగంలో, బడిలో, అద్దె ఇంటి విషయంలో తేడా చూపరాదని, ఒకరి జబ్బు సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని అది చెబుతుంది. కానీ చట్టం మన వంటింట్లోకి వచ్చి కూర్చోదు కదా! అక్కడ మనమే ఉండాలి.

సంఘానికి ఒక్కటే మా విన్నపం. వైద్య సహాయం కోరి వచ్చినవారిని జబ్బు పేరు నలుగురిలో అడగవద్దు. సందేహమున్నవారికి 1097 నంబరు చెప్పండి, ఆ ఫోనుకు ఖర్చు లేదు. ఇక ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా మాత్రల సీసా కనబడితే, ఇదెందుకని ఆరా తీయకుండా ఓ గ్లాసు మంచినీళ్ళు అందించండి.