ఆఫ్రిక్‌విల్: పన్ను కట్టినా కుళాయి రాని పేట

కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియాలోని హాలిఫాక్స్ నగరం అంచున ఆఫ్రిక్‌విల్ అనే నల్లజాతివారి పేట ఉండేది. 1848లోనే వాళ్లు అక్కడ డబ్బిచ్చి భూములు కొన్నారు. చేపలు పట్టుకుంటూ, చర్చి కట్టుకుని బతికారు. నగరం పన్నులు వసూలు చేసింది గానీ కుళాయి వేయలేదు, మురుగు కాలువ తవ్వలేదు. బావి దగ్గర మాత్రం ‘నీళ్లు కాచి తాగండి’ అని బోర్డు పెట్టింది. 1950లలో చెత్త గుట్టలనూ ఆ పేట పక్కకే తెచ్చింది.

1960లలో పునరావాసం పేరిట ఇళ్లు కూల్చేసి, సామాన్లను చెత్త లారీల్లో తరలించారు. 1967లో ఒక రాత్రి చర్చినీ నేలమట్టం చేశారు. 2010లో ఒక ఒప్పందం కింద నగరం క్షమాపణ చెప్పి, చర్చిని తిరిగి కట్టడానికి నిధులిచ్చింది. ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు మాత్రం ఆ ఒప్పందంలో విడిగా పరిహారం దక్కలేదు.