బీరువాలోని రికార్డులకు ఏ ప్లేయర్ కొందాం?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన స్టాఫ్ రూం బీరువాలో దొరికిన పాత రికార్డులు వినడానికి ప్లేయర్ కొనాలని సంఘం తీర్మానించింది. ఏది కొనాలో చెప్పమని నాకు పురమాయించారు. నేనేమీ పండితుణ్ణి కాను, ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి.

రిటైరయ్యాక సూట్‌కేసులా మూసుకునే ప్లేయర్ ఒకటి ముచ్చటపడి కొన్నాను. స్పీకర్లు కూడా అందులోనే. ఘంటసాల గారు 1974లో పోయాక మా నాన్నగారు ఏరికోరి కొన్న భగవద్గీత ఎల్పీని రోజూ పొద్దున్నే దాని మీద వేసేవాణ్ణి. కొన్ని నెలలకు గొంతు గరగరలాడింది. ముల్లు అరిగిందేమోనని మార్చాను. గరగర పోలేదు. అరిగిపోయింది నాన్నగారి రికార్డు! అలాంటి చవక ప్లేయర్లలో ముల్లు ఐదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. కాబట్టి చేతి వెనక తిప్పి బరువు సరిచేసుకునే తూకం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే వద్దనండి.

మన బీరువాలో రెండు రకాలున్నాయి. ఎల్పీలు ప్లాస్టిక్‌వి, నిమిషానికి 33⅓ చుట్లు. లక్కతో చేసిన బరువైన పాతవి 78 చుట్లు, కింద పడితే పెంకుల్లా పగులుతాయి. కొత్త ప్లేయర్లు చాలావాటిలో 78 వేగమే ఉండదు. ఉన్నా ఎల్పీ ముల్లు వాటికి పనికిరాదు. దాదాపు నాలుగింతల లావు ముల్లు కావాలి. ఆడియో-టెక్నికా ఎల్పీ 120లో మూడు వేగాలూ, తూకమూ ఉన్నాయి, ముల్లున్న తల ఊడదీసి మార్చుకోవచ్చు. ప్రీయాంప్ లోపలే ఉంది గనుక మన హాలు ఆంప్లిఫయరుకు నేరుగా తగిలించవచ్చు. బెల్ట్ మంచిదా, డైరెక్ట్ డ్రైవ్ మంచిదా అని పోట్లాడుకునేవాళ్ళున్నారు, వాళ్ళ జోలికి నేను పోను.

ఒక్కటి మాత్రం. దాన్ని చెక్క వేదిక మీద పెట్టకండి, పిల్లలు గంతులేస్తే ముల్లు ఎగురుతుంది. గోడకు బిగించిన అలమర మేలు.

78 ముల్లు ఖర్చు నాది. ఈరోజే ఒక రికార్డు వినిపించమని కొందరు అడిగారు. మా ఇంట్లో ఉన్నది ఆ సూట్‌కేసే. అందుకే తేలేదు.