39 పాసుల నుంచి 60 టచ్‌డౌన్ల దాకా: ఎల్‌ఎస్‌యూ 2019 సీజన్

ఈరోజు ఒక అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ కథ చెప్పుకుందాం. ఆట రూల్స్ తెలియకపోయినా పర్లేదు. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి చాలు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలి, లేదంటే బంతి అవతలి టీమ్‌కి పోతుంది. ఆ బంతిని ఎవరికి, ఎప్పుడు విసరాలో మైదానంలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్.

మన కథలో ఆ క్వార్టర్‌బ్యాక్ పేరు జో బర్రో. ఒహాయో రాష్ట్రంలో ఏథెన్స్ అనే చిన్న ఊరి దగ్గర పెరిగాడు. వాళ్ల నాన్న కూడా ఫుట్‌బాల్ కోచే. 2015లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. సొంత రాష్ట్రం, పెద్ద టీమ్. కానీ అక్కడ ఉన్న మూడు సీజన్లలో అతను మ్యాచ్‌ల్లో విసిరిన పాసులు ఎన్నో తెలుసా? మొత్తం 39. మిగతా టైమంతా బెంచీ మీదే.

అప్పుడేం చేశాడు? అలిగి కూర్చోలేదు. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేశాడు. ఇది ముఖ్యం ఫ్రెండ్స్. అప్పటి రూల్స్ ప్రకారం మామూలుగా కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా ఆగాలి. డిగ్రీ చేతిలో ఉంటే వెంటనే ఆడొచ్చు. అంటే చదువే అతనికి దారి తీసింది. 2018లో లూసియానాలోని ఎల్‌ఎస్‌యూకి వచ్చేశాడు.

అక్కడి కోచ్ ఎడ్ ఒర్జెరాన్‌దీ ఇలాంటి కథే. 2007లో ఓలే మిస్ అతన్ని తీసేసింది. 2013లో యూఎస్‌సీలో తాత్కాలిక కోచ్‌గా బాగానే నడిపించినా పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. ఇద్దరూ వద్దనిపించుకున్నవాళ్లే అన్నమాట.

మొదటి ఏడాది ఓకే. 16 టచ్‌డౌన్ పాసులు. సొంత మైదానంలో అలబామా చేతిలో 29-0తో ఓటమి. అలబామా మీద ఎల్‌ఎస్‌యూ చివరిసారి గెలిచింది 2011లో!

2019కి ముందు జో బ్రేడీ అనే యువ కోచ్ వచ్చాడు. స్టీవ్ ఎన్స్‌మింగర్‌తో కలిసి ఆట తీరే మార్చేశాడు. పాసులు పట్టేవాళ్లని మైదానమంతా పరిచి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి వెంటనే విసరడం. జమార్ ఛేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటి కుర్రాళ్లు ఉన్నారుగా!

సెప్టెంబర్‌లో టెక్సస్ మీద మ్యాచ్. చివరి నిమిషాలు, ఆరు పాయింట్ల ఆధిక్యం మాత్రమే. మూడో ప్రయత్నం, ఇంకా 17 గజాలు కావాలి. ఎవరైనా సేఫ్‌గా ఆడతారు. బర్రో జెఫర్సన్‌కి విసిరాడు, 61 గజాల టచ్‌డౌన్! 45-38తో గెలిచారు. నవంబర్‌లో అలబామా గడ్డ మీదే అలబామాని 46-41తో ఓడించారు.

డిసెంబర్‌లో బర్రోకి హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద అవార్డు. ఎల్‌ఎస్‌యూకి 60 ఏళ్ల తర్వాత దక్కింది. స్టేజీ ఎక్కి మాట్లాడుతూ ఏడ్చేశాడు. తన ప్రాంతంలో పేదరికం ఎక్కువనీ, స్కూల్ నుంచి ఇంటికెళ్తే తినడానికి పెద్దగా ఏమీ ఉండని పిల్లలున్నారనీ, వాళ్ల కోసం కూడా తాను అక్కడ నిలబడ్డాననీ చెప్పాడు.

ఎవరినీ డబ్బు అడగలేదు. కానీ అది విన్న ఏథెన్స్ వ్యక్తి ఒకరు అక్కడి పేదలకు సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ కోసం ఫేస్‌బుక్‌లో విరాళాలు మొదలుపెట్టారు. టార్గెట్ వెయ్యి డాలర్లు. వచ్చింది? ఐదు లక్షల డాలర్లు దాటింది! మనం రోజూ స్క్రోల్ చేసే ఫోన్‌లోనే కదా ఇది జరిగింది.

ఆ తర్వాత ఓక్లహోమా మీద 63-28. ఒక్క ఫస్టాఫ్‌లోనే బర్రో ఏడు టచ్‌డౌన్ పాసులు. 2020 జనవరి 13న న్యూ ఓర్లీన్స్‌లో ఫైనల్. వరసగా 29 మ్యాచ్‌లు గెలిచిన క్లెమ్సన్ ఒక దశలో 17-7తో ముందుంది. చివరికి ఎల్‌ఎస్‌యూ 42-25తో గెలిచింది. 15 మ్యాచ్‌లు, 15 విజయాలు. బర్రో ఖాతాలో 60 టచ్‌డౌన్ పాసులు, అప్పటికి రికార్డు. కొన్ని నెలలకే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. తీసుకున్నదెవరు? సొంత రాష్ట్రం ఒహాయోలోని సిన్సినాటి!

ఇప్పుడు క్యాంపస్ సెలక్షన్లలో పేరు రానివాళ్లు, టీమ్‌లో ఉన్నా ఆడే చాన్స్ దొరకనివాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఒక్కటి గమనించండి. బెంచీ మీద కూర్చున్న మూడేళ్లలో అతను డిగ్రీ సంపాదించాడు. తలుపు తెరుచుకున్నాక, తన వెనక ఆకలితో ఉన్నవాళ్లని తలుచుకున్నాడు. స్కోర్లు మర్చిపోయినా ఈ రెండూ గుర్తుంచుకోండి.

మీకు తెలిసిన ఇలాంటి బెంచీ కథ ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్!