ఖానాలు లెక్కపెట్టని ప్రణాళిక



నీటి ఒడ్డు పట్టణాల పునర్నిర్మాణం, అందులో రవాణా ప్రణాళిక అనే ఇంత పెద్ద విషయాన్ని మండవల్లిలో చర్చించడమేమిటని ఆహ్వానం అందుకున్న మిత్రులొకరు నన్నడిగారు. విశాఖ బీచి రోడ్డులోనో, విజయవాడ కృష్ణ ఒడ్డునో పెట్టుకోవాల్సిన సభ ఇదని ఆయన ఉద్దేశం. రోడ్డు వేస్తే నీరు ఏమవుతుందో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాళ్లు ఇక్కడే ఎక్కువమంది ఉన్నారని నేను బదులిచ్చాను.

2024 సెప్టెంబరు మీకు గుర్తు చేయనక్కర్లేదు. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగిన దృశ్యాలు దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీరు తర్వాత ఏ దారి పట్టిందో చూసింది మాత్రం మనమే. బుడమేరు చివరికి చేరేది కొల్లేరు సరస్సుకే కదా. చినఎడ్లగాడి దగ్గర నీరు ఏలూరు–కైకలూరు రోడ్డెక్కి రాకపోకలు ఆగిపోయాయి. పెనుమాకలంక, నందిగామలంక వైపు జనం మళ్లీ పడవలెక్కారు.

ఇందులో వాన తప్పు ఎంతో, మన రోడ్ల తప్పు ఎంతో తేల్చుకోవాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, డెల్టా మురుగు కాలువలు అన్నీ వచ్చి కొల్లేట్లో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం దాకా దాదాపు 60 కిలోమీటర్లు, వాలు చూస్తే నామమాత్రం. ఇలాంటిచోట అడ్డంగా వేసిన ప్రతి రోడ్డు కట్టా ఒక ఆనకట్టే. పెదఎడ్లగాడి వంతెన దగ్గర కాసేపు నిలబడి చూడండి. పైనుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, వంతెన కింద నీరు పారే ఖానాలకు అడ్డంపడి పచ్చటి చాపలా పేరుకుపోతుంది. పైవైపు నీరు ఉబ్బి, కిందవైపు పలచగా పారుతుంటుంది. మన ప్రణాళికా పత్రాల్లో గంటకు ఎన్ని వాహనాలు పోతాయో ఉంటుంది, పదేళ్ల తర్వాత ఎన్ని పెరుగుతాయో కూడా ఉంటుంది. ఎన్ని ఖానాలు ఉండాలో, డెక్క తీసే బాధ్యత ఎవరిదో రవాణా అధ్యాయంలో కనిపించదు. అది ఇరిగేషన్ వాళ్ల పని అంటారు. ఇక్కడ రోడ్లశాఖ పనికీ ఇరిగేషన్ పనికీ మధ్య గీత గీసినవాళ్లు వానాకాలంలో ఈ వైపు వచ్చి ఉండరని నా అనుమానం.

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందనే మాట వినబడుతూనే ఉంటుంది. సరస్సు మధ్యలో అది అంత తేలిక కాదు. 1999లో +5 అడుగుల కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ కాంటూరు గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గాయం సరస్సు గర్భంలోని బెడ్ గ్రామాల్లో ఇంకా మానలేదు, దాని న్యాయాన్యాయాలు మరో సభకు వదిలేద్దాం. గీత లోపల రోడ్డు వెడల్పు పెంచడం కన్నా, ఉన్న కట్టను అక్కడక్కడ తెరిచి స్తంభాల మీద నడపడం మేలని నా అభిప్రాయం. ఖర్చు ఎక్కువే. కాని ఏటా తెగే రోడ్డుకు పెట్టే ఖర్చు కూడా కలిపి చూడాలి.

గీత బయట సమస్య వేరు. మండవల్లి, కైకలూరుల్లో జాతీయ రహదారే బజారు, బడికి పోయే దారీ, చేపల లారీల దారీ. ఐసు నీళ్లు కారుతూ లారీ బయటికొచ్చే వేళకే షేర్ ఆటో జనం కోసం ఆగుతుంది, సైకిలు మీది పిల్ల మట్టి అంచుకు దిగిపోతుంది. ఊరి వెలుపల లారీలు నిలిపే జాగా, బజారులో నడిచే దారి, ఆ తర్వాతే రంగు దీపాల సుందరీకరణ. ఈ వరస తిరగబడిన పట్టణాలు మనకు చాలానే ఉన్నాయి. గుడివాడ–భీమవరం రైలు మార్గం డబ్లింగు, విద్యుదీకరణ పూర్తయ్యాయి. స్టేషనులో దిగినవాణ్ణి లంకకు చేర్చే బస్సు కూడా ప్రణాళికలో భాగమే.

పడవల మాటకొస్తే నాకు రెండు రకాల ఆలోచన ఉంది. కాటన్ నాటి కాలువల మీద ఏలూరు, తాడేపల్లిగూడెం దాకా సరుకు పడవలు నడిచిన రోజులు తలచుకుంటే మనసు ఊగుతుంది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఏలూరు కాలువ కూడా ఉంది. కాని వేసవిలో కాలువలు కట్టేస్తారు. లారీల కాలంలో కట్టిన పొట్టి వంతెనల కింద పెద్ద పడవ దూరదు. అక్కడ నాకు ఆశ తక్కువ. లంకల మధ్య పడవల మీద మాత్రం ఆశ ఉంది. కొచ్చిలో 2023 నుంచి విద్యుత్తు పడవలు దీవుల జనాన్ని టికెట్టు మీద, టైము ప్రకారం చేరవేస్తున్నాయి. మనకు అంత హంగు అక్కర్లేదు. లోతు తక్కువ నీటికి తగిన చిన్న పడవలు, ఎక్కి దిగడానికి గట్టి మెట్లు, వరద రోజున వెతుక్కోనక్కర్లేకుండా ఏడాది పొడవునా జీతం అందే సరంగులు ఉంటే చాలు.

నీటినీ రవాణానూ కలిపి చూడాలనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. సియోల్ నగరంలో చంగేచన్ వాగుమీది ఫ్లైఓవరు కూల్చి, 2005లో దాదాపు 6 కిలోమీటర్ల వాగును బయటపెట్టారు. ట్రాఫిక్ స్తంభిస్తుందని భయపడ్డారు. అది జరగకపోవడానికి 2004లో నగర బస్సుల మార్గాలన్నీ తిరగరాయడం ఒక కారణం. మూసీ ఒడ్డు పునర్నిర్మాణం గురించి హైదరాబాదులో మాట్లాడేవాళ్లు ఆ వాగు ఫొటోలు చూపిస్తారు, బస్సుల సంగతి ఎత్తరు.

ఈ పూట మొదటి పత్రం పెదఎడ్లగాడి ఖానాల మీద. చదవబోయేది ఇంజనీరు కాదు, ఆ వంతెన మీదుగా రోజూ బడికి పోయి పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు. అమ్మా, వేదిక మీదికి రండి.