పుట్టింటికి వచ్చిన సొరచేప
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇప్పటికే విపులంగా మాట్లాడారు. నన్ను వేరే విషయం ఏదైనా చెప్పమన్నారు. అందుకని చేపలన్నింటిలోకి పెద్ద చేప గురించి, దాన్ని చంపవచ్చునా అన్న ధర్మసందేహం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

దీన్ని తిమింగల సొర అంటారు. పేరులో తిమింగలం ఉన్నా ఇది సొరచేపే. నలభై అడుగుల పొడవు పెరుగుతుంది, అరుదుగా అరవై అడుగుల దాకా కూడా. ఒళ్ళంతా తెల్లని చుక్కలు. సొర అనగానే మనకు కోరలు గుర్తుకు వస్తాయి. ఇది మాత్రం నోరు తెరిచి నీళ్ళు పీల్చి, అందులోని కంటికి ఆనని జీవులను, చిన్న చేపలను వడగట్టుకుని తింటుంది. మనిషి జోలికి రాదు. నీటి పైభాగాన నింపాదిగా ఈదుతుంది. ఆ నింపాదితనమే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరాన వేరావల్, మాంగ్రోల్ వంటి రేవుల్లో ఈ చేపలు ఒడ్డు దగ్గరికి వస్తాయి. అక్కడివారు మొదట్లో దీని కాలేయం నూనె కోసం వేటాడేవారు. చెక్క పడవలకు నీరు పట్టకుండా ఆ నూనె పూసేవారు. 1990ల నాటికి మాంసానికి విదేశాల్లో గిరాకీ పుట్టింది. వేట వ్యాపారమైంది. పెద్ద ఇనుప కొక్కేనికి తాడు కట్టి, ఆ తాడుకు ఖాళీ పీపాలు తగిలించేవారు. కొక్కెం దిగిన చేప లోతుకు పోబోతే పీపాలు పోనివ్వవు. అది అలసి సొలసిపోయాక ఒడ్డుకు లాగేవారు. అలా వందల చేపలు పోయాయి.

మైక్ పాండే అనే చిత్ర దర్శకుడు ఈ వేటను చిత్రీకరించి 2000లో లోకానికి చూపించారు. దానికి గ్రీన్ ఆస్కార్ అనే బహుమతి వచ్చింది. 2001 మే 28న కేంద్ర ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులితో సమానమైన రక్షణ. చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా, ఏడేళ్ళ దాకా జైలు. అదే ఏడాది జులైలో సొరలన్నింటినీ, టేకు చేపలతో సహా, నిషేధంలో పెట్టారు. మత్స్యకారులు గోల పెడితే డిసెంబరులో దాన్ని పది రకాలకు కుదించారు.

ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన గుమాస్తాగా నాకు ఇక్కడే ఆసక్తి. గెజిట్‌లో అచ్చయిన మాట వేరావల్ రేవుకు ఎలా చేరుతుంది? అప్పు చేసి పడవ కట్టినవాడికి "నిన్నటిదాకా సంపాదన, నేటి నుంచి నేరం" అంటే వాడి గతేమిటి? మనకు జీవో వస్తేనే అర్థం కావడానికి నాలుగు రోజులు పడుతుంది గదా!

2004లో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి రామకథా ప్రవక్త మొరారీ బాపును ఆశ్రయించాయి. ఆయన ఒకే మాట చెప్పారు. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల లాంటిది, ఇంటికొచ్చిన ఆడపిల్లను చంపుకుంటామా, అని. దానికి 'వాలీ', అంటే ప్రియమైనది అని పేరు పెట్టారు. చట్టం చెవికి ఎక్కనివారికి ఆ మాట మనసుకు ఎక్కింది. వలలో పడ్డ చేపను వల కోసి వదిలేయడం మొదలుపెట్టారు. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తోంది. ఇలా 900కు మించి చేపలు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి. మంచి మాట ఒక్కటే చాలదని, వెనక డబ్బు కూడా ఉండాలని నా మనవి. వల ఖరీదు పేదవాడి నెత్తిన వేసి, పుణ్యం మనం పంచుకోవడం న్యాయం కాదు.

ఇది ఎక్కడో గుజరాత్ గొడవ అనుకోకండి. వేరావల్ పడవల మీద కూలికి వెళ్ళేవారిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఎందరో ఉన్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరిలో వదిలినవారు ఆ పడవలవారే. ఇక 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గర తంతడి తీరాన ఒక తిమింగల సొర వలలో పడితే, మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు.

"పాలసొర పులుసు తింటూ ఈ నీతులేమిటి?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. బాలింతకు పాలు పడతాయని సొర పెట్టే ఇళ్ళు మనవి. నేను చేపలు మానమనడం లేదు. పెద్దది గనుక పాపం, చిన్నది గనుక పుణ్యం అనీ అనడం లేదు. తూకం వేయవలసింది ఒళ్ళు కాదు, సంతానం. 1995లో తైవాన్‌లో పట్టిన ఒక తిమింగల సొర కడుపులో సుమారు 300 పిల్లలున్నాయి. అన్ని పిల్లలుంటే కొరతేమిటంటారేమో. ఆ పిల్ల తల్లి కావడానికి పాతికేళ్ళు పడుతుంది, రమారమి మన సర్వీసంత కాలం. ఆలోపు చంపితే తిరిగి పూడ్చడానికి మరో పాతికేళ్ళు. ఏటేటా గుడ్లు పెట్టే కవ్వళ్ళను పట్టడం వడ్డీ తినడం. దీన్ని చంపడం అసలు తినడం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెన్షనరుకు వేరే చెప్పాలా?

మరో ముక్క. ఆడపిల్లతో పోల్చాం గనుక ఈ చేప బతికింది. ఏ పోలికా దొరకని రంపపు చేప గతేమిటి? అదీ ఆ పది రకాల్లో ఉన్నదే, అదీ తగ్గిపోతున్నదే. దానికి హరికథ చెప్పేవారు లేరు. ముద్దొచ్చినదాన్ని కాపాడటం ప్రేమ. ముద్దు రాకపోయినా కాపాడటం ధర్మం. ప్రేమతో మొదలైనది ధర్మం దాకా సాగాలని నా కోరిక.

మీ మనవలు బీచికి వెళ్ళినప్పుడు ఈ కథ చెప్పండి. ఒడ్డున పెద్ద సొర కనబడితే ఫోటోల కోసం ఎగబడకుండా అటవీ శాఖకు కబురు పెట్టమనండి.