కంప్యూటరులో దస్తరమును వెదకుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



హైదరాబాదు నగరమున ఆబిడ్సునకును బషీర్‌బాగునకును నడుమ గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. ఉర్దూ మాటలాడువారు దానిని 'తోప్ కా సాంచా' యందురు. ఫిరంగిని పోతపోయు అచ్చు అని దాని యర్థము. నిజాము కొలువున నుండిన ఫ్రెంచి సేనాని రేమండు 18వ శతాబ్ది చివర అచ్చట ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. జనుల నోట మూసారాముగా మారి, మూసారాంబాగు పేరున నిలిచియున్నవాడు ఈ రేమండే. తరువాతి కాలమున ఆ పేటకు పేరు తెచ్చినది ఫిరంగి కాదు, లెక్క. 1941లో ఏర్పడిన హైదరాబాదు స్టేటు బ్యాంకు 1942లో గన్‌ఫౌండ్రీయందే పని ప్రారంభించెను. 1956లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యెను. 2017 ఏప్రిల్ 1వ తేదీన భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయెను.

పూర్వము బ్యాంకులో ఒకని ఖాతా చూడవలెనన్న పేరు చెప్పిన చాలెడిది కాదు. ఏ లెడ్జరు, ఎన్నవ పుట అని గుమాస్తా యడిగెడివాడు. పల్లెలో పహాణీ చూచుటయు నట్లే: ఏ గ్రామము, ఏ సంవత్సరము, ఏ సర్వే నంబరు? ఈ వరుస తెలిసినవాడు చీకటిలోనైనను మూట విప్పి కాగితము తీయగలడు. తెలియనివాడు పగటివేళ బీరువా నంతయు నేలపై బోర్లించును. కంప్యూటరులోని దస్తరములకును ఇదే న్యాయము. ఈ పోలిక కొత్తది కాదు. 1981లో జిరాక్సు సంస్థవారు స్టార్ అను యంత్రపు తెరపై కాగితములు, సంచులు, బీరువాలు బొమ్మలుగా చూపిరి. 1995 నాటి విండోస్‌తో ఎక్స్‌ప్లోరర్ అను కిటికీ జనసామాన్యమునకు వచ్చెను.

ఈ కిటికీ సంగతి తెలియక ఒక కుటుంబము పడిన యాతన యొకటి కలదు. ఒక గ్రామ విద్యార్థి యుద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనెను. ధ్రువపత్రముల నకళ్లు సాయంకాలము అయిదు గంటలలోపల నగరమున నొక కార్యాలయమున దాఖలు చేయవలెను. ఇంటి కంప్యూటరు ముఖతెరపై 'ధ్రువపత్రములు' అను బొమ్మ కనబడుచుండగా దానిని పెన్‌డ్రైవులోనికి లాగి బస్సెక్కెను. గన్‌ఫౌండ్రీ సందులో నకళ్లు తీయు అంగడిలో పెన్‌డ్రైవు నిచ్చెను. బొమ్మ యున్నది, నొక్కిన తెరచుకొనదు. అంగడివాడు దాని పరిమాణము చూచి, రెండు కిలోబైట్లయిన లేదనెను. బొమ్మ మూలనున్న చిన్న వంకర బాణమును చూపి, ఇది పత్రము కాదు, పత్రమున్న చోటును చూపు గురుతు మాత్రమే యని చెప్పెను. గ్రంథాలయమున పుస్తకమునకు బదులు సూచీపత్రపు కార్డును ఇంటికి తీసికొనిపోయినట్లయినది! దీనిని షార్ట్‌కట్ అందురు. ఉన్న యంత్రమున అది మిక్కిలి సౌకర్యము; వేరొక యంత్రమున నిష్ప్రయోజనము.

అప్పటికి మూడున్నర గంటలు. కుమారుడు ఇంటికి ఫోను చేసెను. తండ్రి వ్యవసాయదారుడు, చదువుకొన్నవాడే, కాని ఆ యంత్రము ముందు కూర్చుండుట అదియే మొదలు. "బాపూ, తెర అడుగున పసుపుపచ్చని సంచి బొమ్మ ఉన్నది చూడు, దాన్ని నొక్కు" అనెను. కిటికీ తెరచుకొనెను. ఎడమ ప్రక్క నిలువు వరుసలో సంచుల పేర్లు: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, వాని క్రింద యంత్రపు అరలు. కుడి ప్రక్క విశాలమైన చోట, తెరచిన సంచిలోని సరుకు. పైన పొడుగాటి పట్టీలో ఇప్పుడెక్కడ నున్నామో తెలుపు దారి, అర పేరు, దానిలోని సంచి, అందులోని సంచి, వరుసగా. ఆ పట్టీని చదువుట యలవడినవానికి దారి తప్పుట యుండదు. ఆ తండ్రికి అలవడలేదు. ఒక సంచిలోనుండి మరియొక సంచిలోనికి పోయి, ఎక్కడికి వచ్చినదియు తెలియక "ఏమో రా, అన్నీ ఒక్క తీరే ఉన్నవి" అనెను.

ఎడమకు చూపు బాణము, వచ్చిన దారినే వెనుకకు మరలించును. పైకి చూపు బాణము, ఉన్న సంచిని తన కడుపున దాచుకొన్న పెద్ద సంచికి చేర్చును. ఇవి రెండును ఒకటే యనుకొని తండ్రి పది నిమిషములు తిరిగెను. పిమ్మట కుడి మూలనున్న వెదకు గడిలో కుమారుని పేరు వ్రాసెను. ఏమియు దొరకలేదు. ఏలయన, పత్రములను చిత్రించిన యంత్రము వానికి తేదీయు అంకెలును కలిపి యేదో పేరు పెట్టినది. మార్చి పెట్టినవారు లేరు. పైగా ఆ గడి తెరచియున్న సంచిలోను, దాని లోపలి సంచులలోను మాత్రమే వెదకును; పొరుగు సంచి జోలికి పోదు.

ఇదంతయు వినుచున్న అంగడివాడు ఫోను తీసికొని, "పెద్దాయనా, ముఖతెర మీది బాణపు బొమ్మ ఇంకా అక్కడనే ఉన్నదా?" అని యడిగెను. ఉన్నదనెను. ఒక అర నుండి వేరొక అరకు లాగినప్పుడు వస్తువు నకలగును. ఒకే అరలో లాగినప్పుడు మాత్రమే చోటు మారును. కాన ఆ గురుతు ఇంటనే మిగిలినది. దానిపై మౌసు కుడిమీట నొక్కి, ఫైలున్న చోటును తెరువుమను పంక్తిని ఎన్నుకొమ్మనెను. కిటికీ తనంత తానే సరియైన సంచివద్ద తెరచుకొనెను. ధ్రువపత్రములు, నాలుగును, అచ్చటనే యున్నవి. ఈ చిన్న కిటుకు కుమారునికి తెలిసియున్న ఆ యరగంట మిగిలెడిది.

కుమారుని మెయిలు ఆ యంత్రమున తెరచియే యుండెను. జతచేయు గురుతు నొక్కగా మరల నదే కిటికీ ప్రత్యక్షమయ్యెను; ఈ మారు తండ్రి పై పట్టీని చదివి తానే దారి పట్టెను. నాలుగు గంటల నలుబది నిమిషములకు నకళ్లు చేతికి వచ్చినవి. దరఖాస్తు దాఖలయ్యెను.

ఆ రాత్రి తండ్రి ఆ నాలుగు పత్రములకును పేర్లు మార్పించెను. పత్రము నెంచి ఎఫ్-2 మీట నొక్కిన పేరు దిద్దవచ్చును, తెలుగు లిపిలోనైనను వ్రాయవచ్చును. తేదీని లెక్కల పుస్తకములోవలె ఏటవాలు గీతలతో వ్రాయబోయెను. యంత్రము ఒప్పుకొనలేదు, ఆ గీత పేర్లలో నిషిద్ధము. అందుచేత ముందు సంవత్సరము, పిదప నెల, పిదప దినము, నడుమ చిన్న అడ్డగీతలు. ఇట్లు వ్రాసిన పేర్ల వరుసయే కాలక్రమమగును. పిమ్మట నాలుగింటిని పెన్‌డ్రైవులోనికి నకలు చేయించి, మరునాడు దానిని గ్రంథాలయమునకు తెచ్చి, ఇక్కడి యంత్రమున ఒక్కొక్క పత్రమును తెరిపించి చూచుకొని పోయెను.