లాల్‌బాగ్ వీడియో: తీయవలసిన దేమి?

(సంఘపు నెలవారీ కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పదవ తరగతితో చదువు చాలించి బట్టల వర్తకమున దిగినవాడను. వృక్షశాస్త్రమునందు గాని చిత్రములు తీయు విద్యయందు గాని నాకు పాండిత్యము లేదు. అయినను, గత మాసమున మన కుటుంబములవారు లాల్‌బాగ్ తోటకు పోయినపుడు మన యువకులు తీసిన వీడియోను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినందున లేచితిని.

బెంగళూరి తెలుగువారికి ఈ తోట క్రొత్త కాదు. 1760లో హైదర్ అలీ నాటించిన తోట. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను పరదేశములనుండి మొక్కలు తెప్పించి పెంచెను. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యాన మయ్యెను. గాజు మేడకు 1889 నవంబరు 30వ తేదీన పునాది రాయి పడినది. నేడు దాని విస్తీర్ణము 240 ఎకరములు. మా ఇంట రెండు తరముల పెండ్లిచూపులు ఆ తోటలోనే జరిగినవట. అది వేరు కథ.

ఇంత పేరుగల తోటకు వీడియోల కొదువ యుండునా? గాజు మేడను, పూల గడియారమును, చెరువును మనకంటె చక్కగా తీసినవారు వేలకొలది కలరు. మనవారు తీసినది గంటన్నర. దానిని ఈ హాలులోనే తెరమీద వేసి చూచితిమి గదా! గాజు మేడ వచ్చినపుడు పిల్లలు తమ సెల్‌ఫోనులు చూచుకొనుచుండిరి. చెరువు వచ్చినపుడు పెద్దలు కాఫీకి లేచిరి. నాగలింగపు చెట్టు వచ్చినది. దాని క్రింద మన సంఘపు అవ్వగారొకరు, ఎనుబది దాటినవారు, చేతికఱ్ఱ ఎత్తి చూపుచు మనుమనితో ఇట్లనిరి: "దీన్ని మా పుట్టింట్లో నాగమల్లి అంటార్రా. పడగ చూడు, కింద లింగం చూడు. ఇది కొమ్మకు పూయదు, మానుకే పూస్తుంది." హాలంతయు నిశ్శబ్దమైనది. ఆ మూడు నిమిషములు మరల వేయుమని సభవారు నాలుగు సార్లు అడిగిరి. గంటన్నరలో మనకు మిగిలినది ఆ మూడు నిమిషములే యని నా అభిప్రాయము.

ఆ చెట్టు దక్షిణ అమెరికాది. ఎక్కడనుండియో వచ్చి, ఇచ్చటి శివాలయములలో పూజకు నిలిచి, ఇచ్చటి భాషలలో పేరు సంపాదించుకొన్నది. ప్రక్కనే చెప్పుకొన్న నిద్రగన్నేరును అట్లే అమెరికాఖండమునుండి వచ్చినది. సాయంకాలమున ఆకు ముడుచునని మన పెద్దలు చూచి పెట్టిన పేరది.

కానుగ యని అవ్వగారు చెప్పగా, మనుమడు "అంటే హొంగె మరనా?" అని అడిగెను. రేల యనగా వానికి కక్కె యని చెప్పవలసి వచ్చినది. ఇందులో పిల్లవాని తప్పేమియు లేదు. కన్నడము మనకు బడి పెట్టిన భాష, బేరము పెట్టిన భాష. దానితో మనకు పోటీ యేమి? అయితే వానికి ఒక పేరు తెలిసి రెండవది తెలియకపోవుట మాత్రము నష్టమే. అన్నియు వేరు కావు సుమా! బూరుగ తెలుగునను బూరుగయే, కన్నడమునను బూరుగయే.

ఆ పేర్లు తడుముకొనక చెప్పగలవారు మన సంఘమున ఇక నెందరున్నారు? వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. గత సంవత్సరము ఇద్దరు వెడలిపోయిరి. వారి ఫోటోలు మనయొద్ద కలవు, గొంతుకలు లేవు.

కనుక రాబోవు పర్యటనలో చెట్టును గాదు, చెట్టును గూర్చి చెప్పు మనిషిని తీయవలెను. ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు, చేతిలోని ఫోను చాలును; అడ్డముగా పట్టుకొనవలెను. గొంతుక ముఖ్యము గావున మాటలాడువారికి చేయి చాపినంత దూరములో నుండవలెను. అంతకు మించినచో కాకులే వినబడును. కాలరుకు తగిలించు చిన్న మైకు దొరకిన మరియు మేలు. ఇద్దరు రెండు ఫోనులతో తీయుదురు గాక: ఒకరు ముఖమును, ఒకరు చెట్టును. మొదట ఒక చప్పట్లు కొట్టినచో తరువాత ఆ శబ్దమును బట్టి రెండింటిని కలుపుట సులభము. ఉదయము ఎనిమిదిలోపు వెలుతురు మెత్తగా నుండును. మధ్యాహ్నము చెట్టు నీడలో ముఖము మచ్చలు మచ్చలుగా కనిపించును. జనవరి, ఆగస్టు పుష్పప్రదర్శన దినములలో పోవలదు. ఆ జనసమ్మర్దములో అవ్వగారిని వినుట యటుండ, వెదకి పట్టుకొనుటయే కష్టము.

ఒక్కొక్క చెట్టును మొదట నిండుగా, తరువాత బెరడు, ఆకు, పూవు, చివరకు తోటవారు కట్టిన పేరు పలక, ఒక్కొక్కటి పది లెక్కించునంతసేపు కదలక తీయుడు. పలక యెందుకనగా, వాడుకపేరు ఒక్కొక్కచోట రెండు చెట్లకు చెల్లును. ఎఱ్ఱపూవుల బూరుగ వేరు, తెల్లబూరుగ వేరు. మొదటిది శాస్త్రమున బాంబాక్స్ సీబా, రెండవది సీబా పెంటాండ్రా. లాల్‌బాగులో అందరు నిలిచి చూచు మహావృక్షము రెండవది. పెద్దలు ఇద్దరు రెండు పేర్లు చెప్పి వాదులాడుకొనినచో ఆపవలదు, ఆ వాదమును తీయుడు.

యువకులకు ఇంకొక మనవి. "హలో ఫ్రెండ్స్" అని మీ ముఖము చూపుట ఒకసారి చాలును. సినిమా పాట వెనుక చేర్చవలదు. అది పెద్దల మాటను మ్రింగును, యూట్యూబువారు హక్కుల పేచీ పెట్టుదురు. తెరమీద చెట్టు పేరు తెలుగు లిపిలోను, కన్నడ లిపిలోను వేయుడు. మన పిల్లలు పలువురు తెలుగు చదువలేరు. కన్నడ లిపి వచ్చినవానికి, రెండును ప్రక్కప్రక్కన చూచిన యెడల, తెలుగు అక్షరము పట్టువడుటకు ఎన్నో దినములు పట్టదు. వాట్సాపులో పంపిన ప్రతిని మూలప్రతిగా దాచవలదు, అందులో స్పష్టత తగ్గిపోవును. ఫోనులోని అసలు ప్రతిని సంఘపు హార్డుడిస్కులో ఒకటి, కార్యదర్శిగారి ఇంట ఒకటి ఉంచవలెను.

వచ్చు నెల రెండవ ఆదివారము ఉదయము ఆరున్నరకు పడమటి ద్వారము వద్ద కలిసికొందము. స్టాండు పెట్టి తీయుటకు అనుమతి కావలెనేమో కార్యదర్శిగారు ముందుగా తోట కార్యాలయమున విచారింతురు. నడువలేని పెద్దలను ఇంటినుండి తీసికొనివచ్చుటకు రెండు కార్లు నేను పంపుదును. ఎవరింట ఎవరున్నారో, ఏ వీధియో, ఈ సాయంకాలమే పేర్లు వ్రాయించుడు.